చెవితో నేర్చిన వైద్యము

వైద్యశాస్త్ర చరిత్రను శబ్దరూపమున బోధింపదలచిన ఉపాధ్యాయునకు స్టెతస్కోపు కథ మిక్కిలి అనువైనది. ఏలయన, అది చెవితో జరిగిన పరిశోధన.

పీపాను వ్రేలితో తట్టినచో నిండిన మేర ఒక ధ్వని, వెలితియైన మేర మరియొక ధ్వని పుట్టును. రొమ్మును తట్టి లోపల చేరిన నీటిని ఇట్లే గుర్తింపవచ్చునని వియన్నా వైద్యుడు అవెన్‌బ్రుగ్గర్ 1761లో ప్రకటించెను. పెక్కుమంది లక్ష్యపెట్టలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడగు కోర్వీసార్ ఆ గ్రంథమును ఫ్రెంచిలోనికి అనువదించిన పిదపనే దానికి వ్యాప్తి కలిగెను. మరుసటి యేడే అవెన్‌బ్రుగ్గర్ మరణించెను.

కోర్వీసార్ శిష్యుడు లెనెక్ 1816లో పారిస్ నగరమున ఒక యువతిని పరీక్షించుచు, కాగితములను గొట్టముగా చుట్టి రొమ్మున ఆనించి వినెను. గుండె చప్పుడు స్పష్టముగా వినబడెను. తరువాత కొయ్య గొట్టము చేసి, విన్న ధ్వనులను మరణానంతర పరీక్షలతో పోల్చి, 1819లో గ్రంథము వెలువరించెను. క్షయను చెవితో గుర్తించుట నేర్పిన ఆయనయే 1826లో క్షయతో మరణించెను. వ్యాధిని గుర్తించుట వేరు, నయము చేయుట వేరు. క్షయపై పనిచేయు స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని లభింపలేదు.

ఈ పాఠమున ముందుగా నిండు కుండను, వట్టి కుండను తట్టి వినిపింపవలెను. పిమ్మట గుండె చప్పుడును వినిపింపవలెను. పేర్లును, సంవత్సరములును ఆ తరువాత చెప్పినను చాలును.