పియెర్ బేల్ విమర్శా పద్ధతి – సర్వాయి పాపన్న చరిత్రాధారాలు

ఫ్రెంచి తత్త్వవేత్త, విమర్శకుడు పియెర్ బేల్ (1647–1706) ప్రొటెస్టంటు కుటుంబంలో జన్మించాడు. మత నిర్బంధం వల్ల స్వదేశాన్ని వీడి, 1681లో హాలెండులోని రాటర్‌డ్యామ్ చేరి జీవితాంతం అక్కడే గడిపాడు. 1685లో అతని సోదరుడు ఫ్రాన్సు చెరసాలలో మరణించాడు. 1697లో వెలువడిన 'చారిత్రక, విమర్శనాత్మక నిఘంటువు' బేల్ ప్రధాన రచన. అందులో పైభాగాన క్లుప్తమైన కథనం, దిగువన దానికి ఎన్నో రెట్లు విస్తృతమైన వ్యాఖ్యలు ఉంటాయి. ఒక్కొక్క విషయాన్ని ఎవరు చెప్పారు, ఏ పక్షాన నిలిచి చెప్పారు అని ఆ వ్యాఖ్యలు విచారిస్తాయి. వోల్తేర్, దిదరో వంటి జ్ఞానోదయ యుగ రచయితలపై ఈ గ్రంథ ప్రభావం గాఢమైనది. చరిత్రకారుడు తన దేశాన్ని, మతాన్ని, బంధుత్వాన్ని పక్కనపెట్టి సత్యానికి మాత్రమే కట్టుబడాలన్నది బేల్ అభిమతం.

బేల్‌కు సమకాలికుడైన సర్వాయి పాపన్న చరిత్రకు ఈ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది. పూర్వపు కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ ప్రాంతంలోని సర్వాయిపేట కోట పాపన్న పేరుతో ముడిపడి ఉంది. అతనిని గురించి పరస్పర విరుద్ధమైన రెండు సాక్ష్యాలున్నాయి. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారశీక గ్రంథం అతనిని సొంత సోదరినే దోచుకున్న బందిపోటుగా చిత్రించింది. తెలుగు జానపద వీరగాథ కులవృత్తిని వీడి కోటలు కట్టిన వీరునిగా కీర్తించింది. జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఈ రెండు దృక్పథాలనూ తులనాత్మకంగా పరిశీలించారు.

పాలకుల గ్రంథాన్ని పూర్తిగా తిరస్కరించడం గాని, గాథను యథాతథంగా స్వీకరించడం గాని విమర్శ అనిపించుకోదు. సాక్షి తన పక్షానికి ప్రతికూలంగా అంగీకరించిన విషయానికి విలువ ఎక్కువ. పాపన్నను ద్వేషించిన ఖాఫీ ఖానే 1708లో వరంగల్లు అతని దాడికి గురైందనీ, చివరకు హైదరాబాద్ సుబేదారు స్వయంగా సేనతో కదలవలసి వచ్చిందనీ నమోదు చేశాడు. పాపన్న బలానికి ఇంతకంటె దృఢమైన సాక్ష్యం ప్రశంసలలో లభించదు. అదే విధంగా అతనిని కీర్తించే గాథ సైతం కులవృత్తి విడువవద్దని వారించిన తల్లిని దాచలేదు. ఆ వారింపు నాటి సామాజిక కట్టుబాటు ఎంత బలమైనదో తెలుపుతుంది.

స్థానిక చరిత్ర రచనలో అభిమానం ప్రేరణ కావచ్చును గాని ప్రమాణం కాజాలదు. పాపన్నకు దక్కవలసిన గౌరవం ప్రతికూల సాక్ష్యాన్ని కూడ ఎదుర్కొని నిలిచినప్పుడే సుస్థిరమవుతుంది. తెలంగాణ ప్రాంతీయ చరిత్ర పరిశోధకులకు బేల్ పద్ధతి అందించే ప్రయోజనం ఇదే.