మీటరు లేని రోజుల్లో కూడా మన దగ్గర డిమాండ్ లెక్కే నడిచింది

పోయిన నెల జక్రాన్‌పల్లి దిక్కు తండా తమ్ముడొకడు గ్రూపులో కరెంటు బిల్లు ఫోటో పెట్టిండు. కాలింది 70 యూనిట్లే, కానీ అదనపు లోడుకు పైసలు కట్టుమని నోటీసు. "తక్కువ కాల్చినా ఎందుకన్నా?" అని అడిగిండు. అప్పుడు మనలో ఎవరం సరిగ్గా చెప్పలేకపోయినం. అందుకే ఈ పోస్టు.

బిల్లులో ఆర్‌ఎండీ అని ఒక అంకె ఉంటది. నెల మొత్తంలో వరుసగా ఏ 30 నిమిషాల్లో ఎక్కువ యూనిట్లు కాలినయో మీటరు పట్టుకుంటది, దాన్ని రెండింతలు చేస్తది. 4000 కేవీఏ దాటిన పెద్ద ఫ్యాక్టరీలకైతే 15 నిమిషాలు, నాలుగింతలు. పొద్దుగాల నీళ్ల రాడ్డు, ఇంటి బోరు, ఇస్త్రీపెట్టె కలిసి అర్ధగంటలో యూనిట్నర కాలిస్తే డిమాండ్ 3 కిలోవాట్లు. ఇస్త్రీపెట్టె ఒక్కటే పది నిమిషాలు పెడితే లెక్కలో పెద్దగా పడదు, సగటు కదా. యూనిట్లంటే ఎంత వాడినమో, డిమాండంటే ఒక్కసారే ఎంత గుంజినమో.

ఈ ఆలోచన ఇంగ్లండుది. 1892లో జాన్ హాప్‌కిన్‌సన్ అనే ఇంజనీరు, కరెంటు కంపెనీకి అసలు ఖర్చు యంత్రాలు సిద్ధంగా ఉంచడంలోనే ఉందని, దానికి వేరే రేటు ఉండాలని వాదించిండు. బ్రైటన్ ఊరిలో ఆర్థర్ రైట్ గాజు గొట్టంతో డిమాండ్ కొలిచే పరికరం చేసిండు. కరెంటు ఎక్కువైతే గాలి వేడెక్కి గొట్టంలోని ద్రవాన్ని పక్క గొట్టంలోకి నెట్టేది. ఎంత పొర్లిందో అదే ఆ నెల డిమాండ్.

మన జిల్లాకు వస్తే, వ్యవసాయానికి మీటర్లుండేవి. 1982లో వాటిని పక్కన పెట్టి హెచ్‌పీ స్లాబు తెచ్చిన్రు. మోటారు ఎన్ని హార్స్‌పవర్లో దాని మీదనే పైసలు, ఎన్ని గంటలు నడిపినా అంతే. అంటే మన తాతలు కట్టింది యూనిట్లకు కాదు, సామర్థ్యానికి. మీటరు లేకున్నా డిమాండ్ బిల్లే అది! 5 హెచ్‌పీ మోటారుకు 3 హెచ్‌పీ ప్లేటు కొట్టించుడు అప్పటి ముచ్చట. ఎవరిని తప్పుపట్టాలి? గింజ రేటు పడిపోతే రైతు ఇంకేం చేస్తడు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు ముగ్గురు బలైన్రు. 2004 మేలో ఉచిత కరెంటు వచ్చింది. బిల్లు పోయింది కానీ డిమాండ్ పోలే.

ఎట్లంటరా? ట్రాన్స్‌ఫార్మర్‌ను అడగండి. 25 కేవీఏ దాని మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు, మహా అయితే అయిదు ఆగుతయి. రాత్రి కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు అన్ని బోర్లను ఒక్క క్షణంలో లేపేవి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు గుంజుతది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కింద మన కాకాలు పొలం ఎండుతుంటే కూసున్న రోజులు మనకు యాదికే ఉన్నయి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయుమన్నది.

రైస్ మిల్లు లాంటి హెచ్‌టీ సర్వీసులకు ఇంకో ముడి ఉంది. నమోదైన డిమాండ్, లేదంటే ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతం, ఏది ఎక్కువైతే దానికే చార్జీ. సీజన్ లేక మిల్లు మూతపడ్డా అది తప్పదు.

ఇళ్లకు కూడా 2022-23 టారిఫ్ నుంచి కిలోవాటుకు నెలకు 10 రూపాయల స్థిర చార్జీ మొదలైంది. అందుకే తమ్ముడి ఇంట్లో ఒక కిలోవాటు రాసి ఉండి మీటరులో 3 కనబడితే నోటీసు వచ్చింది. రాడ్డు, మోటారు కలిపి పెట్టకుండ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుమని చెప్పినం. మరుసటి నెల లెక్క మళ్లా సున్నా నుంచే మొదలైతది.

ఎవరింట్లనన్న పాత హెచ్‌పీ స్లాబు రసీదులుంటే ఫోటో పెట్టండి. సర్వీసు నంబరు మాత్రం కొట్టేసి పెట్టండి.