ఉస్మానియా: ఒక తర్జుమా కథ

వందేళ్ళ కిందట హైదరాబాదులో ఫిజిక్సు, కెమిస్ట్రీ, చరిత్ర, ఆఖరికి వైద్యం కూడా ఒక భారతీయ భాషలో చెప్పారు. డిగ్రీలిచ్చారు, ఆ డిగ్రీలకి ఉద్యోగాలు కూడా ఇచ్చారు. ఇంజినీరింగ్ మొత్తం ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులోనే కోడ్ రాసి బతికే నాలాంటివాడికి ఇది నమ్మబుద్ధి కాని సంగతి. "మన భాషల్లో పై చదువులు కుదరవండీ" అనే మాట మనం ఎంత తేలిగ్గా అనేస్తామో! కుదిరింది. ముప్పై ఏళ్ళు నడిచింది కూడా. ఆ తర్వాత ఎందుకు ఆగిపోయిందన్నదే అసలు ప్రశ్న. ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్ళ గురించి చదువుతున్నకొద్దీ నాకు ఆ ప్రశ్నే పెద్దదవుతూ వచ్చింది.

మొదట నేపథ్యం. నిజాం రాజ్యంలో 1880ల్లో పాలనాభాష పారశీకం నుంచి ఉర్దూకి మారింది. 1887లో మొదలైన నిజాం కాలేజీ మాత్రం ఇంగ్లీషు మీడియం, అదీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అంటే హైదరాబాదు కుర్రాడు డిగ్రీ కావాలంటే పరాయి రాజ్యపు యూనివర్సిటీ పెట్టే పరీక్షని, పరాయి భాషలో రాయాలి. 1917లో అక్బర్ హైదరీ నిజాంకి ఒక నివేదిక ఇచ్చాడు. పరాయి భాషలో చదువుకునే కుర్రాడి శక్తి అంతా భాష నేర్వడానికే ఖర్చవుతోందనీ, ఆలోచించడానికి ఏమీ మిగలడం లేదనీ దాని సారం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒప్పుకున్నాడు, ఫర్మానా వచ్చింది. 1918లో ఆయన పేరు మీదే ఉస్మానియా ఏర్పడింది. బోధనాభాష ఉర్దూ. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు మాత్రమే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, వాళ్ళు పని మొదలుపెట్టిన వరస. ముందు భవనాలు కట్టలేదు. 1917లోనే దారుల్ తర్జుమా, అంటే అనువాద సంస్థ, పెట్టారు. దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ సారథి. ఇంటర్మీడియట్ తరగతులు మొదలైంది 1919 ఆగస్టులో, గన్‌ఫౌండ్రీ దగ్గరి భవనాల్లో. విద్యార్థులు 225 మంది, చెప్పేవాళ్ళు 25 మంది. పుస్తకాల పని ముందు, క్లాసు తర్వాత, భవంతి అన్నిటికన్నా ఆఖరున. ఇవాళ మనం చూసి ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన 1934లో జరిగితే, ప్రారంభం 1939 డిసెంబరులో జరిగింది. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజినీర్లు దేశదేశాల యూనివర్సిటీలు చూసొచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. ఆ గ్రానైట్ భవనంలో ఒకచోట అజంతా, ఎల్లోరాల ఛాయలు, ఇంకోచోట ఇస్లామీ తోరణాలు కనిపిస్తాయి. కానీ ఆ భవనం లేచేనాటికే యూనివర్సిటీ వయసు ఇరవై దాటింది. అప్పటిదాకా అది ప్రధానంగా పుస్తకాలతో కట్టిన యూనివర్సిటీ.

దారుల్ తర్జుమాలో ఎవరున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 'ఉమ్రావ్ జాన్ అదా' రాసిన మీర్జా హాదీ రుస్వా అక్కడ పనిచేశాడు. కవి జోష్ మలీహాబాదీ పదేళ్ళపాటు అక్కడే ఉన్నాడు. నవలాకారులూ కవులూ కూర్చుని తత్వశాస్త్రం, చరిత్ర, సైన్సు పాఠ్యపుస్తకాలని ఉర్దూ చేశారు, చేసినవాటిని సరిచూశారు. వందల పుస్తకాలు తయారయ్యాయి. ఒక్కో శాస్త్రానికి పరిభాష తయారుచేయడానికి కమిటీలు కూర్చునేవి. ఒక పక్క శాస్త్రం తెలిసినవాళ్ళు, ఇంకో పక్క భాష తెలిసినవాళ్ళు. కొత్త మాటలు పూర్తిగా అరబ్బీ ధాతువుల నుంచే రావాలా, లేక ఉర్దూ తనదైన పద్ధతిలో, హిందీ మాటలనీ ప్రత్యయాలనీ కలుపుకుని పుట్టించుకోవాలా అన్నది పెద్ద వాదం. అక్కడి ఉర్దూ ప్రొఫెసర్ వహీదుద్దీన్ సలీం 1921లో ఏకంగా పదనిర్మాణం మీదే ఒక పుస్తకం రాశాడు. ఉర్దూకి ఉర్దూగా మాటలు పుట్టించుకునే శక్తి ఉందన్నది ఆయన పక్షం.

ఈ వాదం మనకి కొత్తది కాదు. వృక్షశాస్త్రాన్ని వాళ్ళు 'నబాతియాత్' అన్నారు, మనం సంస్కృతం నుంచి 'వృక్షశాస్త్రం' తెచ్చుకున్నాం. నల్లగొండ రైతు కొడుక్కి రెండూ ఒకే దూరంలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెచ్చే పని చూసినవాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. కమిటీ 'దిగుమతి' అంటుంది, జనం 'డౌన్‌లోడ్' అంటారు. మాట పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని నాలిక మీదికి ఎక్కించడం ఇంకో ఎత్తు. ఉస్మానియా ఆ రెండో పని కూడా చేయగలిగింది. ఎందుకంటే అక్కడ ఆ మాటలతో పరీక్ష రాయాలి, పరీక్ష పాసయితే సర్కారు కొలువు దొరుకుతుంది, ఆ కొలువులో కాగితాలన్నీ మళ్ళీ ఉర్దూలోనే నడుస్తాయి. గొలుసులో ప్రతి లంకె ఇంకో లంకెని పట్టుకుని ఉంది.

అప్పట్లో వాళ్ళ ముందున్న ఆదర్శం జపాను. విద్యాశాఖ డైరెక్టరు రాస్ మసూద్ 1922లో అక్కడికి వెళ్ళి, చదువులు ఎలా నడుస్తున్నాయో చూసొచ్చి, తర్వాతి ఏడాది పుస్తకం వేశాడు. పశ్చిమ దేశాల శాస్త్రాన్ని సొంత భాషలోకి తెచ్చుకుని ఎదిగిన ఆసియా దేశం అది. అలాంటిదే హైదరాబాదులో ఎందుకు కుదరదన్నది వాళ్ళ ఆశ.

అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. జపానులో జనం ఇంట్లో మాట్లాడేది జపనీసే. హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది ఇంటిభాష తెలుగు, నాలుగో వంతు మందిది మరాఠీ. తర్వాత కన్నడం. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు పదో వంతు చుట్టుపక్కల. పరాయి భాష మోత తగ్గించడానికని పుట్టిన యూనివర్సిటీ, రాజ్యంలో ఎక్కువమంది పిల్లల నెత్తిన ఇంకో పరాయి భాష పెట్టింది. హైదరీ వాదాన్నే పట్టుకుని పాలమూరు కుర్రాడు "మరి నా సంగతేంటి?" అని అడిగితే దానికి జవాబు లేదు. పైగా ఉన్నవాళ్ళకి నిజాం కాలేజీ దారి తెరిచే ఉంది. అది 1947 దాకా మద్రాసు అనుబంధంగానే, ఇంగ్లీషులోనే కొనసాగింది.

తెలుగువాళ్ళ పరిస్థితి ఎలా ఉండేదో చెప్పడానికి 1921 నవంబరు నాటి సంఘటన చాలు. వివేకవర్ధని ప్రాంగణంలో కర్వే పండితుడి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుతోంది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్ళని జనం శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ పని చేసింది సర్కారు కాదు, సభలో కూర్చున్న చదువుకున్నవాళ్ళు. భాషకి హోదా లేనప్పుడు దాన్ని చిన్నచూపు చూడటానికి ఫర్మానా అక్కర్లేదు.

అలాగని తెలుగువాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. దారుల్ తర్జుమాకన్నా పదేళ్ళకి పైగా ముందే, 1906లో, ఇదే హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాడు. చరిత్ర, సైన్సు పుస్తకాలు తేట తెలుగులో తేవాలన్నది ఆశయం. రెండేళ్ళకి మండలి మద్రాసు చేరింది. తర్వాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 'అ' అక్షరం దాటకుండానే 1923లో కన్నుమూశాడు. ఒకే ఊళ్ళో పుట్టిన రెండు కలలు. ఒకదాని వెనక ఖజానా ఉంది, రెండోదాని వెనక చందాదారులున్నారు. తెలుగుకి పరిభాష చేతకాక కాదు, జీతమిచ్చి కూర్చోబెట్టేవాళ్ళు లేక అక్కడ ఆగింది.

మరి బ్రిటిషు పాలనలో ఉన్న ఆంధ్ర ప్రాంతం సంగతి? 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. తెలుగు జిల్లాల కోసం, తెలుగువాళ్ళు అడిగి తెచ్చుకున్నది. మొదటి వైస్ ఛాన్సలరు 'కవిత్వతత్త్వ విచారము' రాసిన కట్టమంచి రామలింగారెడ్డి. కానీ పాఠాలు నడిచింది ఇంగ్లీషులో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చరిత్ర చేసిన హాస్యం తెలుస్తుంది. భారతీయ భాషలో చెప్పిన యూనివర్సిటీ అక్కడి ఎక్కువమంది జనం భాషలో చెప్పలేదు. ఒక భాషవాళ్ళ కోసమే పుట్టిన యూనివర్సిటీ ఆ భాషలో చెప్పలేదు. తెలుగు విద్యార్థికి అటూ దక్కలేదు, ఇటూ దక్కలేదు.

ఉస్మానియాలో తెలుగు ఒక శాఖగా మాత్రం ఉంది. రాయప్రోలు సుబ్బారావు అక్కడ ఆచార్యుడు. భావకవిత్వం తెచ్చిన మనిషి, చుట్టూ ఉర్దూలో నడిచే చోట తెలుగు పాఠం చెప్పాడు.

1938 చివర్లో కుదుపు వచ్చింది. హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల మీద వేటు పడింది. ఔరంగాబాదు నుంచి వరంగల్ దాకా వందలమంది బయటికొచ్చారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళకి తలుపులు తెరిచింది. అలా వెళ్ళినవాళ్ళలో హన్మకొండలో చదువుతున్న పి.వి. నరసింహారావు ఒకరు. ఆ గొడవని భాష గొడవగా మాత్రమే చూడటం తప్పు. అందులో మతం ఉంది, జాతీయోద్యమం ఉంది, రాచరికం మీద కోపం ఉంది. అయితే యూనివర్సిటీ ఎవరిదన్న ప్రశ్న మొదటిసారి విద్యార్థుల నోట గట్టిగా వినిపించింది అప్పుడే. ఇంకో పక్క అదే ఉస్మానియాలో ఎం.ఏ. చేసిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో కవిత్వం రాస్తూనే తెలంగాణ రైతాంగ పోరాట నాయకుల్లో ఒకడయ్యాడు. ఉర్దూ అంటే నిజాం, తెలుగు అంటే తిరుగుబాటు అని గీత గీసేవాళ్ళకి మఖ్దూం ఎప్పుడూ అడ్డొస్తాడు.

1948 సెప్టెంబరులో రాజ్యం పోయింది. కొద్ది ఏళ్ళలోనే ఉర్దూ మీడియం కూడా పోయింది. దాని స్థానంలో వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు! నన్ను ఎక్కువగా తొలిచేది ఇదే. ముప్పై ఏళ్ళ పరిభాష, పుస్తకాలు, పాఠం చెప్పే అలవాటు, అన్నీ ఒక పాలన మారగానే పక్కకి తప్పుకున్నాయి. ఉర్దూ రాజుగారి భాష కాబట్టి పోనివ్వండి అనుకున్నాం. దానితోపాటు "మన భాషలో పై చదువు సాధ్యమే" అన్న రుజువు కూడా పోయిందని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. కళాశాల స్థాయి పుస్తకాలు తెలుగులో తేవడం దాని పని. మొదటి అధ్యక్షుడు ఎవరంటే పి.వి. నరసింహారావు. ఉర్దూ యూనివర్సిటీ నీడలోంచి నాగపూర్ వెళ్ళిపోయిన కుర్రాడు ముప్పై ఏళ్ళ తర్వాత తెలుగుకి దారుల్ తర్జుమాలాంటిదాన్ని నడిపించాడు. అకాడమీ పుస్తకాలు వచ్చాయి, పరిభాష వచ్చింది, ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియంలో కొన్ని తరాలు చదువుకున్నాయి. పోటీ పరీక్షలకి ఇప్పటికీ ఆ పుస్తకాలే దిక్కు. కానీ ఇంజినీరింగ్, వైద్యం దాకా ఆ దారి పోలేదు.

ఎందుకు పోలేదో ఉస్మానియా పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. ఒక భాషలో పై చదువు నిలబడాలంటే మూడు కావాలి. పుస్తకాలకి డబ్బు, చదివినవాడికి కొలువు, చదివేవాడి ఇంట్లో ఆ భాష. ఉస్మానియాకి మొదటి రెండూ దండిగా ఉన్నాయి, మూడోది ఎక్కువమందికి లేదు. అందుకే రాజ్యం పోగానే దాన్ని తమదని కాపాడుకునేవాళ్ళు తక్కువయ్యారు. తెలుగు మీడియానికి మూడోది పుష్కలంగా ఉంది, మొదటిది అరకొరగా ఉంది, రెండోది దాదాపు లేదు. 1966లోనే తెలుగు అధికార భాష అయింది. అయినా తెలుగులో చదివినందుకు ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగం ఏదీ పుట్టలేదు. అమ్మానాన్నలు ఇంగ్లీషు మీడియం వెంట పరుగెత్తడాన్ని తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళు గొలుసులో తెగిపోయిన లంకెని సరిగ్గానే గుర్తుపట్టారు.

2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా కొన్ని భాషల్లో ఇంజినీరింగ్ చెప్పడానికి అనుమతి ఇచ్చింది. అది చూసి నవ్వినవాళ్ళున్నారు, పొంగిపోయినవాళ్ళూ ఉన్నారు. నాకైతే రెండూ తొందరపాటే అనిపించాయి. అడగాల్సినవి మామూలు ప్రశ్నలు. పుస్తకాలు ముందు వస్తాయా, అడ్మిషన్లు ముందు వస్తాయా? పరిభాష కమిటీలో పాఠం చెప్పేవాళ్ళు ఉన్నారా? నాలుగేళ్ళయ్యాక ఇంటర్వ్యూ ఏ భాషలో ఉంటుంది? 1917లో హైదరాబాదులో వీటిలో చాలావాటికి జవాబులు సిద్ధం చేసుకున్నాకే క్లాసు మొదలైంది.

ఉస్మానియా తర్జుమాలో మనకి దక్కింది అసలేమీ లేదా అంటే, ఉంది. అది పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. నిజాం జైల్లో మగ్గి బయటికొచ్చిన దాశరథి గాలిబ్‌ని తెలుగు చేశాడు. బి.ఏ. దాకా ఉర్దూ మీడియంలో చదివిన సినారె తెలుగులో గజళ్ళు రాసి, పాడి, ఊరూరా వినిపించాడు. ఇద్దరూ ఉస్మానియా వాళ్ళే. నెత్తిన పెట్టిన భాషని వాళ్ళు మోయడంతో సరిపెట్టుకోలేదు, ఇంటికి తెచ్చుకుని సొంతం చేసుకున్నారు. యూనివర్సిటీ అనుకున్న దిశలో ఆ తర్జుమా సాగలేదు గానీ, పక్కదారిన తెలుగులోకి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది.