మాట కోసం వేసిన తీగ: ఇంట్లో డయల్‌అప్ ఇంటర్నెట్ తొలి పదేళ్లు

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, అంటే అందరి నోటా వీఎస్ఎన్ఎల్‌గా నలిగిన ప్రభుత్వ సంస్థ, బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో సామాన్య పౌరులకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు, అందుకోసం ఏ ఇంటికీ కొత్తగా తీగ లాగలేదు. మనిషి గొంతును మోయడానికి అంతకుముందే వేసి ఉన్న రాగి తీగల జంటే దానికీ దారి అయింది. ఆ తరువాతి పదేళ్లలో ఇంటర్నెట్ ఎవరి ఇంటికి ముందు చేరింది, ఎవరు ఏ వేళలో వాడుకున్నారు, ఎంత సేపు వాడుకున్నారు, తెలుగును ఏ లిపిలో రాసుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఈ ఒక్క విషయం నుంచే దొరుకుతాయి కనుక, డయల్‌అప్ చరిత్రను వేగాల పట్టికగా కాక టెలిఫోన్ చరిత్రలో ఒక అధ్యాయంగా చదవడమే సరైన పద్ధతి.

దేశంలో ఇంటర్నెట్ అప్పుడే పుట్టిందని చెప్పలేము. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలైన ఎర్నెట్ అనే విద్యా పరిశోధన నెట్‌వర్క్ ఐఐటీలను, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థను, మరికొన్ని సంస్థలను కలిపింది. కాని అది ప్రయోగశాలల గోడలు దాటలేదు. గోడ దాటించగల తీగ టెలిఫోన్ శాఖ చేతిలో ఉండేది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ తీగ మీది సర్వాధికారాన్ని ప్రభుత్వానికే ఇచ్చింది. ఫోన్ కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటం, ఎక్కువ డిపాజిట్ కట్టి ఓవైటీ పద్ధతిలో వరుసలో ముందుకు జరగడం 1980లలో మధ్యతరగతి ఇళ్లకు బాగా తెలిసిన సంగతులు. 1984లో ఏర్పడిన సీ-డాట్ స్వదేశీ డిజిటల్ ఎక్స్ఛేంజీలను తయారుచేసి, పాత యాంత్రిక ఎక్స్ఛేంజీల స్థానంలో కొత్తవి రావడానికి తోడ్పడకపోయి ఉంటే, 1995లో వీఎస్ఎన్ఎల్ ఇచ్చిన సేవను అందుకోవడానికి ఇళ్లలో పనికొచ్చే లైన్లే చాలినన్ని ఉండేవి కావు.

ఆ లైను మీద కంప్యూటర్ మాట్లాడటానికి మధ్యవర్తి మోడెమ్. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే రెండు మాటల ముక్కలు కలిపి చేసిన పేరు అది. కంప్యూటర్ అంకెలను ధ్వనిగా మార్చి పంపడం, అవతలి నుంచి వచ్చిన ధ్వనిని తిరిగి అంకెలుగా విడదీయడం దాని పని. టెలిఫోన్ వ్యవస్థ మానవ కంఠానికి కావలసిన 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల ధ్వనుల్ని మాత్రమే అవతలికి చేర్చి మిగిలినదంతా వదిలేస్తుంది కనుక, అంత ఇరుకు సందులోంచి ఎంత సమాచారం దూర్చగలమన్నదే మోడెమ్ ఇంజనీర్ల ముప్పై ఏళ్ల తపస్సుకు విషయం. నంబరు కలపగానే వినిపించే కీచుధ్వనులు చాలామందికి అర్థం లేని గోలగా తోచినా, వాటిలో ప్రతి దశకూ అర్థం ఉంది: మొదట వినిపించే 2,100 హెర్ట్జ్‌ల నిలకడైన శ్రుతి, దూరపు లైన్లలో ప్రతిధ్వనిని అణచే పరికరాలను పక్కకు తప్పుకోమని చెప్పే సంకేతం, దాని తరువాతి స్వరాలు రెండు మోడెములు లైను నాణ్యతను కొలిచి, తమ ఇద్దరికీ కుదిరే వేగాన్ని తేల్చుకునే బేరం, చివరి హోరు, బేరం కుదిరి సమాచారం నడవడం మొదలైందనడానికి గుర్తు. ఆ హోరు వినగానే మోడెమ్ స్పీకరు మూగబోయేది. వాన కురిసి భూమిలోని కేబుల్ తడిసినా, గోడ పెట్టెలో జాయింటు తుప్పుపట్టినా బేరం తక్కువ వేగం దగ్గర తెగేది, లేదా అసలే తెగేది కాదు.

మోడెముకు ఇచ్చే ఆజ్ఞల్లోనూ ఎక్స్ఛేంజి చరిత్ర దాగి ఉంది. ఏటీడీటీ అనే ఆజ్ఞ నంబరును స్వరాలతో కలపమంటుంది. ఏటీడీపీ అనేది పాత చక్రం ఫోనులా టకటకమని తెగి కలిసే స్పందనలతో కలపమంటుంది. ఊళ్లో ఎక్స్ఛేంజి పాతదైతే మొదటిది ఎంత పంపినా ఫలితం ఉండేది కాదు, చివరి అక్షరం ఒక్కటి మార్చవలసి వచ్చేది.

వీఎస్ఎన్ఎల్ తొలినాళ్ల లెక్క చూస్తే, సెకనుకు 9.6 కిలోబిట్ల వేగంతో ఏడాదికి 250 గంటల వాడకానికి ఒక వ్యక్తి చెల్లించవలసింది 5,000 రూపాయలు. విద్యార్థులకు 500 రూపాయలకే అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ అకౌంటు దొరికేది. షెల్ అకౌంటు అంటే ఇంట్లోని కంప్యూటర్ కేవలం తెర, కీబోర్డు పాత్ర పోషిస్తూ, అసలు పనంతా సంస్థవారి యూనిక్స్ యంత్రం మీద జరిగే ఏర్పాటు. పైన్ అనే ప్రోగ్రాంలో ఉత్తరాలు, లింక్స్ అనే ప్రోగ్రాంలో బొమ్మలు లేని వెబ్ పుటలు కనిపించేవి. ఇంటి కంప్యూటరే నేరుగా ఇంటర్నెట్‌లో భాగమై, బొమ్మలు కూడా చూపగలిగే టీసీపీ/ఐపీ అకౌంటు ధర మామూలు అకౌంటుకు దాదాపు మూడింతలు. గిరాకీని తక్కువగా అంచనా వేయడం వల్ల మొదటి నెలల్లో లైన్లు చాలక వాడుకరులు విసిగిపోగా, అప్పటి వీఎస్ఎన్ఎల్ అధిపతి బీకే సింగాల్ లోపాన్ని బహిరంగంగా ఒప్పుకున్నారు. ప్రభుత్వ సంస్థ అధిపతి ఒకరు అలా ఒప్పుకోవడం అరుదు, అది గుర్తుంచుకోదగ్గది.

అక్షరాలకే పరిమితమైన ఆ తెర తెలుగువారికి ఒక విధంగా అడ్డు కాలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు 1990ల ఆరంభంలో రూపొందించిన ఆర్టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి, తెలుగు మాటను ఇంగ్లీషు కీబోర్డు మీది అక్షరాలతోనే, హ్రస్వదీర్ఘాల తేడా పోకుండా రాయడానికి వీలు కల్పించింది. అలా రాసిన ఉత్తరం ఏ ఫాంటూ కోరదు, ఎంత నెమ్మది లైను మీదైనా క్షణాల్లో వెళ్తుంది. తెలుగు లిపినే చూడాలంటే మాత్రం పుటను బొమ్మగా చేసి పంపాలి, లేదా ఒక్కో సైటుకు ఒక్కో ఫాంటు దింపుకోవాలి; 1991 నాటికే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, దాన్ని సరిగా చూపగల విండోస్ ఎక్స్‌పీ 2001 దాకా రాలేదు. 1998లో మొదలైన ‘ఈమాట’ వెబ్ పత్రిక వంటి ప్రయత్నాలు ఈ ఇరుకులోనే నిలదొక్కుకున్నాయంటే, వాటిని నడిపినవారి పట్టుదలను తక్కువగా చూడరాదు.

ఇంట్లో వాడకాన్ని నియంత్రించింది గంటల అకౌంటు కంటే ఫోన్ యూనిట్. ఇంటర్నెట్‌కు కట్టే డబ్బు వేరు, కలిపిన ప్రతి కాలుకూ మీటరు తిరగడం వేరు. 1999 నుంచి అమలైన మూడు నిమిషాల యూనిట్‌తో లెక్కిస్తే 250 గంటలకు 5,000 యూనిట్లు అవుతాయి. అకౌంటు ధరలు తగ్గుతూ వచ్చిన కొద్దీ ఫోన్ బిల్లే అసలు ఖర్చుగా తేలింది. తమ ఊళ్లో నోడ్, అంటే సంస్థ మోడెములు ఉండే కేంద్రం, లేనివారు దూరపు నగరానికి ఎస్టీడీ చేయవలసి రావడంతో భారం మరింత పెరిగేది. నాలుగు మెగాబైట్ల పాట ఒకటి సెకనుకు 33.6 కిలోబిట్ల మోడెముతో దింపడానికి ఏ అంతరాయం లేకున్నా పదహారు, పదిహేడు నిమిషాలు పడుతుంది, అంటే ఆరు యూనిట్లు. అందుకే ఉత్తరాన్ని ముందే తాపీగా రాసిపెట్టుకుని, లైను కలిపి, పంపి, వచ్చినవి దింపుకుని, లైను తెంపి, ఆ తరువాత చదువుకోవడం అలవాటైంది. లైను ఒకటే కనుక ఇంటర్నెట్ నడుస్తున్నంత సేపూ బయటివారికి ఫోన్ ఎంగేజ్. పక్క గదిలో ఎవరైనా రెండో రిసీవరు ఎత్తితే కనెక్షన్ తెగేది. అయినా, అమెరికాకు ఫోన్ చేస్తే నిమిషానికి 60 రూపాయల దాకా అయ్యే రోజుల్లో, కొడుకో కూతురో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లిన ఇళ్లకు ఈమెయిల్ విలాసం కాదు. హెచ్‌డీ1, హెచ్‌డీ2 అని మొదలై వీఎస్ఎన్ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్‌తో ముగిసే హైదరాబాద్ చిరునామాలు ఎన్నో కుటుంబాలకు మొదటి ఈమెయిల్ చిరునామాలు.

1998 నవంబరులో కేంద్రం ఇంటర్నెట్ సేవల రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. మొదటి అయిదేళ్లకు లైసెన్సు రుసుము దాదాపు లేనట్టే. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే తొలి ప్రైవేటు సంస్థగా రంగంలోకి దిగి, మరుసటి ఏడాది అక్టోబరులో అమెరికా నాస్‌డాక్‌లో నమోదైంది. అయితే ఈ సంస్థలన్నీ ఇచ్చింది అకౌంటే. తీగ మాత్రం టెలిఫోన్ శాఖదే. 2000 అక్టోబరు 1న ఆ శాఖ సేవలు బీఎస్ఎన్ఎల్‌గా మారాక, సంచార్‌నెట్ పేరుతో జిల్లా కేంద్రాలకు నోడ్‌లు వచ్చాయి. 172తో మొదలయ్యే ఆరంకెల నంబరు కలిపితే లోకల్ కాల్ ధరకే ఇంటర్నెట్ దొరికింది. నెట్‌వన్ పద్ధతిలో ముందుగా అకౌంటు కొనవలసిన పని కూడా లేకపోయింది, కాలు చేసిన ఫోన్ నంబరునే గుర్తించి ఖర్చును ఆ బిల్లులోనే వేసేవారు. పేరుపొందిన నగరాలకంటే చిన్న పట్టణాల ఇళ్లకు ఇంటర్నెట్‌ను చేర్చడంలో ఈ మార్పులకు ఎక్కువ ప్రాముఖ్యం ఇవ్వాలి.

2004 అక్టోబరు నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. దానికీ కొత్త తీగ వేయలేదు. గొంతు వాడుకోకుండా వదిలేసిన పై పౌనఃపున్యాల్లో, ఇంచుమించు 25 కిలోహెర్ట్జ్‌ల పైన, సమాచారాన్ని నడిపే ఏడీఎస్ఎల్ పద్ధతి అది. లైన్‌మన్ వచ్చి గోడ పెట్టె పక్కన స్ప్లిటర్ అనే చిన్న డబ్బా బిగించి, దాని ఒక రంధ్రంలోంచి ఫోనుకు, మరో రంధ్రంలోంచి కొత్త మోడెముకు తీగలు కలిపి వెళ్లాక, ఆ ఇళ్లలో మొదటిసారిగా ఇంటర్నెట్ నడుస్తుండగానే ఫోన్ మోగింది.