వీధి పిల్లలు బిగించిన కెమెరా

మొదటి ప్రపంచయుద్ధం, వెంటనే అంతర్యుద్ధం. ఉక్రెయిన్ రైల్వేస్టేషన్లు దిక్కులేని పిల్లలతో నిండిపోయాయి. కొందరు అడుక్కున్నారు, కొందరు జేబులు కొట్టారు, ఇంకొందరు దారిదోపిడీలకూ దిగారు. అలాంటివాళ్ల కోసం 1920లో పోల్తావా దగ్గర ఒక కాలనీ తెరిచి, అంటోన్ మకరెంకో అనే బడిపంతులుకి అప్పగించారు. తర్వాత దానికి రచయిత గోర్కీ పేరు పెట్టుకున్నారు.

మొదట్లో పంతులు మాట విన్నవాడు లేడు. ఓపిక నశించి ఒకణ్ణి కొట్టానని ఆయనే రాసుకున్నాడు. అసలు పద్ధతి మాత్రం వేరు. పిల్లల్ని దళాలుగా చేసి, దళానికో కమాండర్ని పెట్టాడు. కట్టెలకో పొలం పనికో తాత్కాలిక దళం కడితే, ఆ పూటకి మామూలు కుర్రాడే కమాండర్. పెద్ద కమాండర్లైనా వాడి మాట వినాల్సిందే! పాత దొంగనే డబ్బు తెమ్మని పట్నం పంపిన ముచ్చట ఆయన పుస్తకంలో ఉంది. తెచ్చాడు కూడా.

1927లో ఖార్కివ్‌లో అలాంటి పిల్లలకే జెర్జిన్‌స్కీ కమ్యూన్ వచ్చింది; దాన్నీ మకరెంకోకే అప్పగించారు. ఆ పేరు సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థాపకుడిది; అనాథలకు ఆసరా ఇచ్చినవాళ్లు ఆ శాఖవాళ్లే కావడం చరిత్ర వింతల్లో ఒకటి.

ఇక్కడ చదువుతోపాటు కార్ఖానా పని. మొదట ఎలక్ట్రిక్ డ్రిల్లులు, ఆ తర్వాత కెమెరాలు. జర్మన్ లైకాని విప్పి, భాగభాగమూ కొలిచి తీసిన నకలు అది. వెంట్రుకవాసి తేడా వచ్చినా లెన్స్ బొమ్మ మసకబారుతుంది. ఒకప్పుడు జేబులు కత్తిరించిన వేళ్లకు ఆ పని బాగానే పట్టుబడింది. జెర్జిన్‌స్కీ పూర్తి పేరులోని పొడి అక్షరాలతో దానికి ‘ఫెడ్’ అని పేరుపెట్టి, 1934 నుంచి పెద్దఎత్తున తయారుచేశారు.

మరుసటేడు మకరెంకోని కీవ్‌కి బదిలీ చేశారు. ఫెడ్ కెమెరాలు మాత్రం ఖార్కివ్‌లో 1990ల దాకా తయారవుతూనే ఉన్నాయి.