రాత లెక్కకు గళ్లు గీసిన చరిత్ర

మన పల్నాడులోని నరసరావుపేట, గురజాల, మాచర్ల బడుల్లో నవోదయ పరీక్షకూ ఎన్‌ఎంఎంఎస్‌ ఉపకారవేతన పరీక్షకూ తయారయ్యే పిల్లల్ని బాగా తికమకపెట్టేవి రాత లెక్కలే. ఎక్కాలు కంఠతా వచ్చిన పిల్లలు కూడా ఏ అంకెను దేంతో గుణించాలో తేలక ఆగిపోతారు. అప్పుడు వాళ్లను గట్టెక్కించేది పట్టిక. నిలువుగా, అడ్డంగా నాలుగు గీతలు గీసి, దేని గడిలో దాన్ని వేయడమే ఆ పద్ధతి. ఇది కోచింగ్ సెంటర్లు కనిపెట్టిన చిట్కా కాదు. దీని వేర్లు పదిహేను వందల ఏళ్ల వెనక ఉన్నాయి.

499లో ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో త్రైరాశికం చెప్పాడు. తెలిసిన కొలత ప్రమాణం, దానికి వచ్చింది ఫలం, మనకు కావలసిన కొలత ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే జవాబు. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు రాశుల వరకు పెంచాడు. అన్ని రాశులను మనసులో నిలుపుకోవడం కష్టం కనుక వాటిని రెండు నిలువు వరుసల్లో పేర్చేవారు. 1881లో పెషావర్ దగ్గరి బక్షాలీలో బయటపడిన భూర్జపత్ర ప్రతిలోనైతే లెక్కలోని అంకెలను గీతల మధ్య, గళ్లలోనే రాశారు.

ఐదు రాశుల లెక్కను, అంటే పంచరాశికాన్ని, మన చేలోనే చేసి చూద్దాం. 8 మంది కూలీలు 3 రోజుల్లో 6 క్వింటాళ్ల పత్తి తీశారు. అదే వేగంతో 12 మంది 5 రోజుల్లో ఎంత తీస్తారు? మొదటి వరుసలో పైనుంచి కిందికి 8, 3, 6 వేయాలి. రెండో వరుసలో 12, 5, దాని కింద ఖాళీ గడి. ఇప్పుడు ఫలమైన 6ను ఆ ఖాళీ గడిలోకి జరపాలి. రెండో వరుస లబ్ధం 360. మొదటి వరుసలో మిగిలిన 8, 3ల లబ్ధం 24. భాగిస్తే 15 క్వింటాళ్లు. మనుషుల ఎదురుగా మనుషులు, రోజుల ఎదురుగా రోజులు నిలబడ్డాక పొరపాటుకు చోటే లేదు. అమరికలోనే సగం జవాబు ఉంది.

ఈ విద్య తెలుగులోకి వచ్చిన దారి పల్నాడుకు దగ్గరిదే. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అందులో త్రైరాశికానికి ఒక అధ్యాయమే ఉంది. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన ఇంటిపేరు మోస్తున్న పావులూరు మన పొరుగు బాపట్ల జిల్లాలో ఉంది. చదరంగం బల్లపై మొదటి గడిలో ఒకటి, తర్వాత రెండు, ఆపై నాలుగు, ఇలా 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తం 20 అంకెల సంఖ్య. దాన్ని ఒక్క పద్యంలో ఇమిడ్చిన ఖ్యాతి మల్లనది. తెలుగులో శాస్త్రం చెప్పవచ్చని అంత తొలినాళ్లలోనే చూపిన మనిషిని మన బడులు ఇంకా గట్టిగా తలచుకోవాలి.

పట్టికకు మరో శక్తి కూడా ఉంది. తలలు 35, కాళ్లు 94 అయితే పక్షులెన్ని, కుందేళ్లెన్ని అని చైనా ప్రాచీన గ్రంథం సున్‌జి సువాన్‌జింగ్ అడిగింది. మన పిల్లలకు కోళ్లు, మేకలు అని చెబుదాం. అన్నీ కోళ్లే అనుకుంటే కాళ్లు 70. ఒక మేక చేరితే 72, రెండు చేరితే 74. ఈ మూడు వరుసలు రాయగానే, మేక చేరిన ప్రతిసారీ రెండు కాళ్లు పెరుగుతున్నాయని పిల్లకే కనబడుతుంది. తక్కువైన కాళ్లు 24 కాబట్టి మేకలు 12, కోళ్లు 23. ఊహతో మొదలైన పని సూత్రంతో ముగిసింది. ఆ సూత్రాన్ని ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది.

చిలకలూరిపేట దగ్గరి మద్దిరాల నవోదయలో ఆరో తరగతి సీటు కోసం రాసే పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం. గీతలు గీస్తే సమయం వృథా అని భయపడే తల్లిదండ్రులున్నారు. కానీ సమయమంతా తినేసేది గీతలు కాదు, అర్థం కాని లెక్కను మళ్లీ మళ్లీ చదవడం. అందుకే ఉపాధ్యాయులు నింపిన పట్టికను బోర్డు మీద చూపి ఊరుకోకూడదు. ఏ వరుసకు ఏ పేరు పెట్టాలో పిల్లల్నే తేల్చమనాలి. ఆ పేర్లు సరిగా పెట్టిన పిల్లకు లెక్క అర్థమైనట్టే. మిగిలింది గుణకారం, భాగహారం మాత్రమే.