మోపెడ్ సీడీఐ పెట్టె చెడినదా? సాధారణ మల్టీమీటరుతో నిర్ధారించుకొనే విధానం

విరుదునగర్ జిల్లా నరికుడి, తిరుచుళి పరిసరాలలోని వానాధార గ్రామాలలో మోపెడ్ ఇంటిలో మరొక పనిమనిషి వంటిది. ఎరువు బస్తా, పాల క్యాను, సర్కారు తుమ్మ (తమిళులు సీమై కరువేలం అనేది) బొగ్గు మూట, బడిపిల్లలు, అన్నింటినీ అదే మోయాలి. ఒకనాటి ఉదయం ఎన్ని కిక్కులు కొట్టినా అది రాజుకోకపోతే ఆనాటి పని ఆగినట్లే. బండిని మెకానిక్కు వద్దకు తోసుకొనిపోతే తరచుగా వినవచ్చే తీర్పు ‘సీడీఐ పోయింది’ అన్నది. అది నిజమే కావచ్చు. కాని కొత్త పెట్టె వేసిన తరువాత కూడా బండి కదలక, అసలు దోషం తుప్పు పట్టిన ఒక కప్లర్‌లోనో, ఒరసుకొనిపోయిన తీగలోనో ఉన్నదని తేలే సందర్భాలు తక్కువ కావు. ఎలక్ట్రికల్ సామానును అంగడివారు సాధారణంగా తిరిగి తీసుకోరు. కావున పెట్టెకు డబ్బు చెల్లించే ముందు ఒక అరగంట మీటరుతో గడపడం మంచిది.

సరిహద్దున ఉన్న మన హోసూరు కర్మాగారం నుండి 1980లో టీవీఎస్ 50 వెలువడిన నాటి నుండి ఈ చిన్న బండ్లు దక్షిణాది పల్లెలకు అలవాటైనవి. పాత కాలపు బండ్లలో నిప్పురవ్వను పుట్టించే పని ప్లాటినం పాయింట్లది, కండెన్సరుది. పాయింట్లు మసిబారితే ఉప్పుకాగితంతో రుద్ది ఇంటివద్దనే సరిచేసుకొనేవారు. తరువాత వాటి స్థానంలో సీడీఐ, అనగా కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్, వచ్చినది. దాని సర్క్యూట్ బోర్డును గట్టి రెసిన్‌లో పోతపోసి నల్లని పెట్టెగా మూసివేస్తారు. వాననీటికి, అదురుకు అది మేలే. కాని లోపల ఏమి జరుగుచున్నదో చూచే దారి లేకుండా పోయినది.

లోపలి పని ఇది. ఇంజనుతో తిరిగే మాగ్నెట్టు వద్ద ఎక్సైటర్ కాయిల్ పుట్టించే కరెంటు ఒక డయోడు గుండా వెళ్లి కెపాసిటరును 200, 300 వోల్టుల వరకు నింపుతుంది. పిస్టను తగిన స్థానానికి వచ్చినప్పుడు పల్సర్ కాయిల్ ఒక చిన్న సంకేతం ఇస్తుంది. దానితో థైరిస్టరు అనే ద్వారం తెరుచుకొని, కెపాసిటరులోని శక్తి అంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి దూకుతుంది. అక్కడ అది వేల వోల్టులుగా మారి ప్లగ్గు వద్ద రవ్వ అవుతుంది. ఈ థైరిస్టరును 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రూపొందించారు.

ఈ వరుసను గుర్తుంచుకొంటే పరీక్షా విధానం దానంతట అదే తెలుస్తుంది. పెట్టెలోనికి వచ్చే వాటిని, పెట్టె నుండి వెళ్లే వాటిని మీటరు తూచగలదు. పెట్టెను మాత్రం నేరుగా తూచలేదు. ఆ వేల వోల్టుల రవ్వ మీద గాని, కాయిల్‌కు వెళ్లే 300 వోల్టుల విసురు మీద గాని మీటరు ప్రోబులు పెట్టరాదు. ఆ క్షణకాలపు విసురును సాధారణ మీటరు పట్టుకోలేదు. పైగా మీటరు పాడవుతుంది, చేతికి దెబ్బ తగులుతుంది.

అంగళ్లలో దొరికే పసుపుపచ్చని డీటీ 830 రకం మీటరు ఈ పనికి చాలు. ముందుగా నాబ్‌ను 200 ఓమ్‌ల స్థానానికి తిప్పి రెండు ప్రోబులను ఒకదానికొకటి ఆనించవలెను. సున్నాకు బదులు 0.5 వంటి అంకె కనబడితే అది తీగల సొంత నిరోధం. తరువాతి చిన్న అంకెల నుండి దానిని తీసివేయాలి. ఏదియూ ఆనకుండా ఉన్నప్పుడు ఎడమవైపు కనబడే ‘1’ అంటే దారి తెగి ఉన్నదని లేదా ఆ రేంజి చాలలేదని అర్థం. ఓమ్‌లు కొలిచేటప్పుడు కప్లర్ విప్పి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాతనే ప్రోబు పెట్టాలి.

మీటరుకు ముందు మంచి ప్లగ్గు ఒకటి కావాలి. దానిని క్యాపుకు తగిలించి, దాని లోహభాగం ఇంజను తలకు గట్టిగా ఆనేటట్లు ఉంచి కిక్కు కొట్టి చూడవలెను. పెట్రోలు ఆవిరి దగ్గర ఉండరాదు. పాత ప్లగ్గును దాని రంధ్రంలోనే ఉంచితే మేలు. ప్లగ్గు లోహానికి ఆనకుండా గాలిలో వేలాడుచుండగా కిక్కు కొడితే కాయిలుకు, పెట్టెకు కూడా హాని. నీలి రవ్వ వస్తే పెట్టెను అనుమానించవలసిన పని లేదు. కార్బురేటరు వైపు చూడాలి.

రవ్వ లేనప్పుడు మొదటి అనుమానితుడు ఆపుడు తీగ. బ్యాటరీ లేకున్నా రాజుకొనే బండ్లలో తాళం ఆఫ్ చేయగానే పెట్టె నుండి వచ్చే ఒక తీగ బాడీకి కలిసి ఇంజనును ఆపుతుంది. తాళంలోనికి నీరు చేరినా, హ్యాండిల్ మెడ వద్ద తీగ ఒరసుకొనిపోయినా ఆ కలయిక నిరంతరం ఉండిపోతుంది. తాళం ఆన్‌లో ఉంచి, ఆ తీగను పెట్టె నుండి విడదీసి, తాళం వైపు కొనకు, బాడీకి మధ్య కొలవవలెను. ‘1’ రావాలి. సున్నా దగ్గరి అంకె వస్తే దోషం అక్కడే. ఆ తీగను విడదీసి ఉంచి కిక్కు కొట్టగా రవ్వ వచ్చినదంటే పెట్టె క్షేమం. ఐప్పసి, కార్తిక మాసాల ఈశాన్య రుతుపవనాల తరువాత బండి మొరాయించినట్లయితే ఈ ఒక్క పరీక్షతోనే వ్యవహారం తీరిపోవచ్చు.

తరువాత పెట్టె ఎర్తు తీగకు, ఇంజను లోహానికి మధ్య చూడాలి. తీగల నిరోధం తీసివేయగా సున్నాకు దగ్గరగా రావలెను. రంగు, తుప్పు గీకివేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఎక్సైటర్ కాయిల్‌ను 2000 ఓమ్‌ల స్థానంలో కొలవాలి. బండిని బట్టి కొన్ని వందల ఓమ్‌లు ఉంటుంది. ఖచ్చితమైన అంకెకు ఆ మోడలు సర్వీసు పుస్తకమే ప్రమాణం, లేదా పొరుగువారి అదే మోడలు బండి. కప్లర్ విప్పి ఉంచి, ఏసీ 200 వోల్టుల స్థానంలో పెట్టి కిక్కు కొడితే పదుల వోల్టులలో అంకె కదలవలెను. మీటరు నెమ్మదిగా చూపుతుంది గనుక ఎంత వచ్చినదని గాక, వచ్చినదా లేదా అన్నదే చూడాలి. ఆ సమయమున లోహపు కొనలను చేతితో పట్టరాదు. పల్సర్ కాయిల్ సాధారణంగా వంద నుండి కొన్ని వందల ఓమ్‌ల లోపు ఉంటుంది. దాని వోల్టేజి మిక్కిలి స్వల్పం. ఏసీలో 200 వోల్టులకు తక్కువ రేంజి లేని ఈ మీటరు దానిని నమ్మకంగా చూపలేదు. కావున ఓమ్‌లతోనే తృప్తిపడాలి.

ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ ఒక ఓమ్‌కు అటూ ఇటూ ఉంటుంది. అంత చిన్న అంకెను చౌక మీటరుతో కొలిచి ‘లోపల షార్టు అయినది’ అనే వారిని నమ్మరాదు. తెగిపోయినదా లేదా అన్నంతవరకే అది చెప్పగలదు. సెకండరీని ప్లగ్గు క్యాపు విప్పి 20 వేల ఓమ్‌ల స్థానంలో చూస్తే కొన్ని వేల ఓమ్‌లు రావాలి. రెసిస్టరు ఉన్న ప్లగ్గు క్యాపు విడిగా చాలావరకు 5 వేల ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. అది ‘1’ చూపితే క్యాపు మారిస్తే చాలు; దాని ఖర్చు పెట్టెలో స్వల్ప భాగం.

చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, పది కిలోమీటర్లు పోయి వేడెక్కగానే ఆగిపోయే బండ్లు ఎక్కువ చిక్కు పెడతాయి. చల్లారాక కొలిస్తే అన్ని అంకెలూ సరిగానే ఉంటాయి. కావున మీటరును బండిలోనే ఉంచుకొని, ఆగిన వెంటనే కొలవవలెను. అయితే రాగి తీగ వేడికి కొంత నిరోధం పెంచుకొనడం సహజం: చల్లగా 200 ఓమ్‌లు చూపిన కాయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే 245 ప్రాంతానికి చేరుతుంది. అది దోషం కాదు. అంకె ఒక్కసారిగా ‘1’కు పోతేనే లోపల తీగ విడుచున్నదని అర్థం.

ఇవన్నీ సరిగా ఉండి, కప్లర్ పిన్నుల తుప్పు కూడా తుడిచిన తరువాత రవ్వ రాకుంటే అప్పుడు పెట్టె వంతు. పెట్టె పిన్నుల మధ్య ఉండవలసిన ఓమ్‌ల పట్టికలు కొన్ని సర్వీసు పుస్తకాలలో కనబడతాయి. అవి ఒక ప్రత్యేకమైన మీటరుతో తీసినవి; డయోడ్లు, థైరిస్టర్ల మీద ఒక్కొక్క మీటరు ఒక్కొక్క అంకె చూపుతుంది. వాటితో తీర్పు చెప్పరాదు. అదే మోడలు బండి నుండి మంచి పెట్టెను పది నిమిషాలు అరువు తెచ్చి తగిలించి చూడడమే నిజమైన పరీక్ష.

కొత్తది కొనేటప్పుడు పిన్నుల సంఖ్య కుదిరినంత మాత్రాన సరిపోదు. మాగ్నెట్టు కరెంటుతో నడిచే ఏసీ పెట్టె వేరు, బ్యాటరీ 12 వోల్టులతో నడిచే డీసీ పెట్టె వేరు. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే కొత్తది కూడా కాలిపోవచ్చు. పాత పెట్టె మీది నంబరునే అడగవలెను. డీసీ బండిలో పెట్టెకు ముందే, తాళం ఆన్ చేసినప్పుడు సరఫరా తీగలో బ్యాటరీ వోల్టేజి వచ్చుచున్నదో లేదో డీసీ 20 వోల్టుల స్థానంలో చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్ 6 నిబంధనలకు అనుగుణంగా వచ్చిన ఇంధన ఇంజెక్షన్ బండ్లలో ఇగ్నిషన్‌ను ఈసీయూ అనే కంప్యూటరు నడుపుతుంది. వాటిలో ప్లగ్గు, ఫ్యూజు, బ్యాటరీ వరకే ఇంటివద్ద చూచుకొని, మిగిలినది స్కానరు ఉన్న సర్వీసు కేంద్రానికి వదలవలెను.